ఏ గ్రూపు తీసుకున్నావమ్మా?

1995 వేసవిలో పదో తరగతి ఫలితాలు పేపర్లో వచ్చాయి. నా నంబరు కనిపించగానే నాన్న దాని కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, పేపరు మడిచి దేవుడి గూట్లో పెట్టారు. ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా ఒకటే అడిగారు: “పాపకు ఏ గ్రూపు ఇప్పిస్తున్నారు?” నాన్న నోరు తెరిచేలోగా వంటింట్లోంచి అమ్మ జవాబు వచ్చింది. “బైపీసీ.”

నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా నేనూ అదే చెప్పేదాన్ని. నా గ్రూపు నేను పుట్టడానికి మూడేళ్ళ ముందే, 1977 నవంబరులోనే ఖాయమైపోయింది.

మాది దివిసీమ. ఆ ఏడాది నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. మా ఊరు సముద్రానికి కాస్త ఎగువన ఉండడంతో అమ్మానాన్నలకు ప్రాణాలు దక్కాయి, ఇల్లు దక్కలేదు. అప్పటికి వాళ్ళకు పెళ్ళయి ఏడాది. ఒక బడిలో పెట్టిన సహాయ శిబిరంలో తలదాచుకున్నారు. అక్కడికి ఒక డాక్టరమ్మ వచ్చింది. చీర కుచ్చిళ్ళకు మోకాళ్ళ దాకా బురద, పైన తెల్లకోటు. పగలంతా వరసలో నిలబడినవాళ్ళకు సూదిమందు వేసి, రాత్రికి బడిపిల్లల బల్ల మీదే ఒరిగేదట. పసిబిడ్డను పోగొట్టుకున్న ఒకావిడ మూడు రోజులుగా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే, ఆ డాక్టరమ్మ వెనకాల చేరి, చిక్కులు పడ్డ జుట్టు విడదీసి జడ వేసిందట. ఈ సంగతి అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. అన్నం ముద్దలు కలిపి పెడుతూ చెప్పేది, తలకు నూనె రాస్తూ చెప్పేది. చివర్లో ఒక మాట మాత్రం ఎప్పుడూ మారేది కాదు: “నువ్వు కూడా అలా కోటు వేసుకోవాలి.”

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. పిల్లలు ఏ చదువును ఎందుకు ఎంచుకుంటారన్న ప్రశ్న నన్ను ఈ ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ వదల్లేదు. దానికి నాకు దొరికిన మొదటి జవాబు మా అమ్మ చెప్పిన ఆ డాక్టరమ్మే. మేము సబ్జెక్టును చూసి చదువు తీసుకోలేదు, మనిషిని చూసి తీసుకున్నాం.

మా ఇంటి చరిత్ర అంతా అలాగే నడిచింది. పెదనాన్న చిన్నతనంలో కాలువ గట్టు కొలవడానికి ఒక ఓవర్సీరు వచ్చాడట. నెత్తిన టోపీ, చేతిలో గొలుసు. ఆయన గట్టు మీద నడుస్తుంటే ఊళ్ళో కరణంగారు అరుగు మీద నుంచి లేచి నిలబడ్డారు. కరణం లేచి నిలబడడం అదే మొదటిసారి చూశానని పెదనాన్న చెప్పేవారు. అంతే, ఆయన ఎల్.సి.ఇ. చదివారు. అప్పట్లో సివిల్ ఇంజనీరింగ్ డిప్లొమాను అలా అనేవారు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జున సాగర్ పనులు జోరుగా సాగుతున్న రోజులవి. పెదనాన్న అక్కడ సూపర్వైజరుగా చేరారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలిన రోజున ఆయన అక్కడే ఉన్నారు. సెలవులకు హిల్ కాలనీలోని ఆయన క్వార్టరుకు వెళితే, సాయంత్రం మమ్మల్ని డ్యాం కనిపించే చోటికి తీసుకువెళ్ళి, “ఇది సిమెంటు గోడ కాదు, రాయి మీద రాయి పేర్చి కట్టింది, ఒక్కొక్క రాయిని మనుషులు మోశారు” అని చెప్పేవారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. ఆ తరంలో సివిల్ అంటే ఒక సబ్జెక్టు పేరు కాదు, ఊరికి నీళ్ళు తెచ్చే పని.

ఆయన కొడుకు, మా పెద్దన్నయ్య, కాలేజీకి వచ్చేసరికి 1984. డ్యాం పక్కనే పెరిగినవాడు, తానూ సివిల్ చదువుతానన్నాడు. పెదనాన్నే వద్దన్నారు. “కట్టాల్సిన పెద్ద డ్యాములు కట్టేశాం. ఇక ముందంతా ఇనుముదే” అన్నారట. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని ఊరూరా మోగిన నినాదం ఆయన చెవుల్లో ఇంకా ఉంది. అన్నయ్య మెకానికల్ చదివి ఆ ఉక్కు కర్మాగారంలోనే చేరాడు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు దాన్ని జాతికి అంకితం చేసినప్పుడు పెదనాన్న ఊరంతా మిఠాయి పంచారు.

ఇక మా తమ్ముడి సంగతి. వాడిది నాకంటే మూడేళ్ళ వెనక బ్యాచి. 1998లో పదో తరగతి అయింది. ఆ ఏడాదే నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. పేపర్లో వచ్చిన ఆ గుండ్రటి మేడ బొమ్మ మా ఊరి మంగలి షాపు అద్దం పక్కన కూడా అతికించి ఉండేది. అయితే మా ఊరికి కంప్యూటర్ సైన్స్‌ను తెచ్చింది ఆ మేడ కాదు, ఒక ఫోటో. ఎదురు వీధి వాళ్ళ అబ్బాయి వై టూ కె పనుల కోసం, అంటే 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పకుండా సరిచేసే పనుల కోసం, అమెరికా వెళ్ళి, అక్కడ ఒక ఎర్ర కారుకు ఆనుకుని నిలబడి తీయించుకున్న ఫోటో పంపాడు. ఆ ఫోటో వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి వచ్చింది. మా ఇంట్లో రెండు రోజులుంది. నాన్న దాన్ని భోజనం చేస్తూ కూడా చూశారు.

తమ్ముడికి చిన్నప్పటి నుంచీ ఇంజన్లంటే ప్రాణం. పొలంలో ఆయిల్ ఇంజను మొరాయిస్తే మెకానిక్కు కోసం కబురు పెట్టే లోపల వాడు విప్పేసేవాడు. పన్నెండేళ్ళ వాడు నాజిల్ ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి, నోటితో ఊది, మళ్ళీ బిగించి, తాడు చుట్టి లాగితే ఇంజను అందుకునేది. చొక్కా నిండా మసి, ముఖం నిండా నవ్వు. 2000లో ఎంసెట్ కౌన్సెలింగ్‌కు నాన్నతో పాటు నేనూ వెళ్ళాను. వాడి ర్యాంకుకు పేరున్న పాత కాలేజీలో మెకానికల్ వస్తుంది, కొత్తగా పెట్టిన, ఇంకా గోడలకు సున్నం కూడా వేయని కాలేజీలో కంప్యూటర్స్ వస్తుంది. లోపల సీట్ల అంకెలు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. బయట చెట్ల కింద తండ్రులందరూ చేతుల్లో ఫైళ్ళతో, ఒకరినొకరు అడుగుతూ, ఇంకొకరిని చూసి మనసు మార్చుకుంటూ తిరుగుతున్నారు. నాన్న వాడి చేయి పట్టుకుని, “నీ ఇష్టం నాన్నా” అన్నారు. ఆ చేయి వణకడం వాడు చూశాడు. కంప్యూటర్స్ తీసుకున్నాడు.

నాన్నను తప్పు పట్టలేను. రెండెకరాల రైతు. ఉప్పెనలో ఒకసారి అంతా పోగొట్టుకున్న మనిషి. మళ్ళీ పోకుండా ఉండేది ఏదో తెలిస్తే దానిమీద పందెం కాయక ఏం చేస్తాడు? తమ్ముడు చేరిన ఏడాదికే అమెరికాలో కంపెనీలు మూతపడి, ఎర్ర కారు అబ్బాయి తిరిగి వచ్చేశాడు. ఆ రెండేళ్ళూ నాన్న సరిగా నిద్రపోలేదు. తర్వాత అంతా సర్దుకుంది. తమ్ముడు ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాడు, ఉద్యోగం బాగుంది, బాధ్యతలన్నీ వాడే ఎత్తుకున్నాడు. కిందటిసారి వీడియో కాల్‌లో వాళ్ళ గ్యారేజీ చూపించాడు. గడ్డి కోసే యంత్రం ఇంజను విప్పి, భాగాలన్నీ పాత దుప్పటి మీద వరసగా పేర్చి ఉన్నాయి. “పాడైందా?” అన్నాను. “లేదక్కా, ఊరికే” అన్నాడు.

నా విషయానికి వస్తాను. అవనిగడ్డలో ఇంటర్ చదివాను. మా క్లాసులో అమ్మాయిలు ఎక్కువ. మా వైపు అప్పట్లో అబ్బాయిలకు లెక్కలు, అమ్మాయిలకు బైపీసీ అని ఇళ్ళల్లోనే పంచేసేవారు. లెక్కల్లో నాకంటే ఎంతో చురుకైన ఒక స్నేహితురాలు, ఎంపీసీ క్లాసులో ఆడపిల్లలు ఇద్దరే ఉన్నారని వాళ్ళ ఇంట్లో భయపడితే, మాతో పాటు వచ్చి కూర్చుంది. బొద్దింకను కోసేటప్పుడు ఆ పిల్ల కళ్ళు మూసుకునేది. ఆమె చేతిది కూడా నేనే కోసేదాన్ని. కోసేటప్పుడల్లా శిబిరంలోని డాక్టరమ్మ గుర్తొచ్చి చెయ్యి గట్టిపడేది.

ఎంసెట్‌లో నాకు మెడిసిన్ సీటు రాలేదు. దగ్గర దాకా కూడా వెళ్ళలేదు. విజయవాడలో లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపే స్తోమత మాకు లేదు. ఒకవేళ ఉన్నా, తమ్ముడి చదువు ముందుంది. 1997లో బందరులో బీఎస్సీ చేరాను. బీజెడ్‌సీ. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయన శాస్త్రం కలిపి ఇచ్చే గ్రూపు. డాక్టరు సీటు రానివాళ్ళు వచ్చి చేరే గ్రూపు అని అందరికీ తెలుసు. బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ, “ఏం చదువుతున్నావమ్మా?” అని అడిగి, “బీఎస్సీ” అనగానే, “పోనీలే తల్లీ” అని తల నిమిరింది. ఆ ‘పోనీలే’ నాకు ఏడాది పాటు తగులుతూనే ఉంది. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. డాక్టరమ్మ కథ చెప్పడం మానేసింది, అంతే. నాకు అదే ఎక్కువ బాధగా ఉండేది.

రెండో ఏడాదిలో ఒక మధ్యాహ్నం ప్రాక్టికల్స్. మా మేడం కాలేజీ ప్రహరీ పక్కనే పెరిగిన ఒక కలుపు మొక్కను వేళ్ళతో సహా పీక్కొచ్చి బల్ల మీద పడేశారు. “ఇదేమిటో చెప్పండి.” ఎవరికి తెలియదు? ఉత్తరేణి. పొలం గట్టున నడిస్తే లంగా అంచుకు ముళ్ళ గింజలు అంటించుకుని ఇంటికి వచ్చేస్తుంది. చవితి పత్రిలో పెడతారు. దాని కాడను సన్నగా కోసి చూడమన్నారు.

కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిటారుగా పట్టుకోవాలి. బ్లేడు నీళ్ళలో ముంచి, మన వైపుకు ఒకే విసురుతో లాగాలి. ఆగితే మందం వస్తుంది. ఇరవై ముప్పై ముక్కలు వాచ్ గ్లాసులోని నీళ్ళలో రాలతాయి. అందులో నీటిలో ఉందో లేదో తెలియనంత పలచటి ముక్కను బ్రష్షు కొనతో ఎత్తి, సాఫ్రనిన్ రంగులో రెండు నిమిషాలుంచి, కడిగి, గ్లిజరిన్ చుక్క మీద పెట్టి, గాలిబుడగ చేరకుండా సూదితో మెల్లగా కవర్ స్లిప్ దించాలి. నా మొదటి పది ముక్కలూ మందంగా వచ్చాయి. వేలు కూడా తెగింది. పదకొండోది మైక్రోస్కోపు కింద పెట్టి కన్ను ఆనించాను.

ద్విదళబీజం కాండాన్ని అప్పటికి ఎన్నోసార్లు చూశాను. నాళికాపుంజాలన్నీ, అంటే నీళ్ళూ ఆహారమూ మోసే గొట్టాల కట్టలన్నీ, ఒక వలయంగా ఉంటాయి, నడుమ ఉండే దవ్వ ఖాళీగా ఉంటుంది. ఇందులో అలా లేదు. బయట వలయం ఉంది. నడుమ దవ్వలో మరో రెండు నాళికాపుంజాలు, ఒకదానికొకటి ఎదురుగా, నీళ్ళు మోసే దారువు ఎర్రగా మెరుస్తూ, రెండు కళ్ళు నన్నే చూస్తున్నట్టు ఉన్నాయి. నాకు ఊపిరి ఆగినంత పనైంది. పద్దెనిమిదేళ్ళుగా నా లంగాకు అంటుకుంటున్న మొక్క. దాని లోపల ఇది ఉంది. మేడం వెనక నుంచి వంగి చూసి, “అసంగత ద్వితీయ వృద్ధి. రూలుకు లోబడని కాండం” అన్నారు. తర్వాత మెల్లగా, “ఎందుకలా పెరుగుతుందో ఆలోచించు” అన్నారు. పుస్తకంలో రాసుకో అనలేదు. ఆలోచించు అన్నారు. బీఎస్సీలో చేరాక నన్ను ఎవరైనా ఆ మాట అనడం అదే మొదలు.

ఆ రోజు ఆఖరి బస్సులో ఇంటికి వెళ్ళాను. దీపం వెలుగులో అమ్మ నా వేళ్ళు చూసి, “గోరింటాకు పెట్టుకున్నావా?” అంది. సాఫ్రనిన్ ఎరుపు అంత తేలిగ్గా పోదు. లాబ్‌లో వేసుకున్న తెల్లకోటు సంచిలోంచి తీసి ఉతకడానికి వేశాను. దాని మీద కూడా ఎర్రటి మరకలు. అమ్మ ఆ కోటును చాలాసేపు చేతుల్లో పట్టుకుని నిలబడింది. నాకు ఉన్నట్టుండి ఒక అనుమానం వచ్చి అడిగాను. “అమ్మా, శిబిరంలో ఆవిడ డాక్టరే అని నీకెలా తెలుసు?”

“తెల్లకోటు వేసుకుంది కదే” అంది. పేరు తెలియదు. ఊరు తెలియదు. డాక్టరో, నర్సో, చదువుకుంటూ సాయానికి వచ్చిన విద్యార్థినో తెలియదు. ఇన్నాళ్ళూ నేను ఎవరిలా కావాలనుకున్నానో, ఆవిడ ఏం చదివిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అయితే ఆ జడ వేసిన చేతులు మాత్రం నిజం. అమ్మకు కావలసింది అదేనని నాకు ఆ రాత్రి అర్థమైంది.

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి, 2004లో పాఠం చెప్పడానికి మొదటిసారి తరగతిలోకి వెళ్ళాను. ముందు వరస నుంచి చివరి వరస దాకా ఒకటే ప్రశ్న అడిగాను: “ఈ గ్రూపు ఎందుకు తీసుకున్నారు?” జవాబులు ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. అప్పటి నుంచి ఏటా రాస్తున్నాను. ఇప్పటికి నాలుగు పుస్తకాలయ్యాయి. పేర్లు రాయను, జవాబులే. కొన్ని చెబుతాను.

“మా అక్క రికార్డులు ఇంట్లో ఉన్నాయి మేడం.” ఇది దాదాపు ప్రతి ఏడాదీ ఉంటుంది. అక్క వేసిన బొమ్మలు చూసి వేసుకోవచ్చు, పుస్తకాలు కొననక్కర్లేదు. కూలి పనికి వెళ్ళే తల్లిదండ్రులున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు.

“లెక్కలంటే భయం.” ఇది కూడా ఏటా ఉంటుంది. భయపెట్టిన మాస్టారు ఏ క్లాసులో ఉన్నాడో అడిగితే చాలామంది ఏడో తరగతి అంటారు.

“డీఎస్సీలో బయాలజీ పోస్టులు వస్తాయని.” ఇది మా ప్రాంతపు జవాబు. అవనిగడ్డ అంటే రాష్ట్రమంతటికీ డీఎస్సీ కోచింగ్ గుర్తొస్తుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు గదులు అద్దెకు తీసుకుని చదువుకుంటుంటే చూస్తూ పెరిగిన పిల్లలకు, చదువుకు చివర టీచరు ఉద్యోగమే కనిపిస్తుంది. నోటిఫికేషన్ వచ్చిన ఏడాది నా క్లాసులో ఉత్సాహం, రాని ఏళ్ళలో నీరసం. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటించినప్పుడు, ఎప్పుడో పదేళ్ళ కిందట నా దగ్గర చదివి, పెళ్ళయి ఇద్దరు పిల్లలున్న అమ్మాయి ఫోను చేసి, “మేడం, నా పుస్తకాలు మీ దగ్గర ఏమైనా ఉన్నాయా?” అని అడిగింది.

నన్ను చాలా కలవరపెట్టిన జవాబు ఒక బీఏ అమ్మాయిది. ఖాళీ పీరియడ్లలో నా తరగతి కిటికీ దగ్గర నిలబడి వినేది. ఇంటర్‌లో బైపీసీ, మంచి మార్కులు. మరి ఇక్కడ బీఏలో ఎందుకు చేరావంటే, “మా ఊరి బస్సు నాలుగున్నరకు మేడం. ప్రాక్టికల్స్ అయ్యేసరికి అయిదవుతుంది” అంది. తర్వాతి బస్సు ఎనిమిదికి. ఆడపిల్ల చీకటి పడ్డాక మూడు కిలోమీటర్లు డొంకదారిలో నడవాలి. ఒక మనిషి జీవితంలో సైన్సుకూ ఆర్ట్సుకూ మధ్య తేడా అరగంట. ఆ తర్వాత నేను టైంటేబుల్ కమిటీలో పోట్లాడి ప్రాక్టికల్స్‌ను ఉదయానికి మార్పించాను. ఆ అమ్మాయికి మాత్రం అప్పటికే ఆలస్యమైపోయింది.

సబ్జెక్టును చూసి వచ్చిన పిల్లవాడు నాకు బాగా గుర్తున్నాడు. 2005 బ్యాచి. వాళ్ళ నాన్న చెరువు కౌలుకు తీసుకుని టైగర్ రొయ్య వేశాడు. 1994, 95 ప్రాంతంలో కోస్తా అంతటా తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులకు చెరువులు తుడిచిపెట్టుకుపోయిన సంగతి మా వైపు ఎవరినడిగినా చెబుతారు. అప్పుడు వీడికి ఎనిమిదేళ్ళు. తెల్లవారుజామున చెరువు అంచు పొడవునా రొయ్యలు తేలి ఉండడం, నాన్న గట్టు మీద కూర్చుండిపోవడం చూశాడు. నా ప్రశ్నకు వాడి జవాబు: “అవి ఎందుకు చచ్చిపోయాయో తెలుసుకుందామని.” మొదటి ప్రాక్టికల్స్ రోజున ఒక సీసా పట్టుకొచ్చాడు. అందులో రొయ్య. “ఈ మైక్రోస్కోపులో ఆ పురుగు కనిపిస్తుందా మేడం?” అది వైరస్ అనీ, ఈ మైక్రోస్కోపుకు అందదనీ చెప్పాల్సి వచ్చింది. వాడి ముఖం చిన్నబోయింది. అయినా రొయ్య తల మీది పెంకు ఒలిచి, ఆ తెల్లటి మచ్చలను భూతద్దంలో అరగంట చూశాడు. ఇప్పుడు వాడు రొయ్య పిల్లలకు రోగం ఉందో లేదో పీసీఆర్ పరీక్ష చేసే లాబ్ నడుపుతున్నాడు. చెరువులో పిల్ల వదిలే ముందు రైతులు వాడి దగ్గరికి వస్తారు. నాలుగు పుస్తకాల్లో అలాంటి జవాబులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇంటర్‌లో రెండో భాషగా సంస్కృతం ఎందుకు తీసుకున్నారని కూడా ఒక ఏడాది అడిగాను. మార్కులు వస్తాయని అన్నారు, ఒకరి తర్వాత ఒకరు, క్లాసు మొత్తం. తెలుగులో వ్యాసం రాయమంటే తడబడుతున్న పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఆ రోజు గుర్తొస్తుంది.

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మా తరగతులు పలచబడ్డాయి. ఇంజనీరింగ్ ఫీజు కట్టే దారి లేక డిగ్రీకి వచ్చే పిల్లలకు ఆ తలుపు తెరుచుకుంది. కూలివాళ్ళ పిల్లలు బీటెక్ చదవడం మా ఊరు మొదటిసారి చూసింది. అందుకు మనసారా సంతోషించాను. ఖాళీ బల్లలను చూసి దిగులు కూడా పడ్డాను. రెండూ నిజమే.

అయితే నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది 2023–24లో వచ్చిన మార్పు. మన రాష్ట్రంలో డిగ్రీలో మూడు సబ్జెక్టుల గ్రూపు పోయి, ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో బీజెడ్‌సీ అన్న మాటే లేదు. చేరేటప్పుడే ఒక సబ్జెక్టు పేరు చెప్పాలి. ఒకే సబ్జెక్టును లోతుగా చదవడం మంచిదనే వాదన నాకు తెలుసు, అందులో న్యాయమూ ఉంది. కానీ పదిహేడేళ్ళ పిల్ల వచ్చి, తానుగా ‘వృక్షశాస్త్రం’ అని ఎందుకంటుంది? ఆ పేరు పెట్టుకుని నిలబడిన మనిషిని ఆ పిల్ల ఎక్కడ చూసి ఉంటుంది? నన్నే అడిగి ఉంటే 1997లో నేను చచ్చినా ఆ పేరు చెప్పేదాన్ని కాదు. డాక్టరు చదువుకు దగ్గరి చుట్టమని జంతుశాస్త్రం చెప్పేదాన్ని. మూడూ కలిపి ఇచ్చారు కాబట్టి, నేను అడగని ఉత్తరేణి నా బల్ల మీదికి వచ్చింది. మా ఎమ్మెస్సీ క్లాసులో చాలామంది కథ ఇదే. కోరుకున్నదాని పక్కన తోడుగా వచ్చినదాన్ని చూసి ఆగిపోయినవాళ్ళం.

ఈ ఏడాది ప్రవేశాలప్పుడు ఒక తండ్రి తన కూతురితో నా బల్ల ముందు కూర్చున్నాడు. ఏ మేజర్ తీసుకుంటే ఉద్యోగం వస్తుందని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కంప్యూటర్స్‌కు ఎలా ఉంది, మాకు ఎలా ఉంది, బీఈడీ చేస్తే ఏమిటి, పీజీ చేస్తే ఏమిటి. అబద్ధం చెప్పి పిల్లలను చేర్చుకోవడం నాకు చేతకాదు. ఆ అమ్మాయి మా మాటలు వినడం లేదు. కిటికీ పక్కన నిన్నటి స్లైడు మైక్రోస్కోపు కింద అలాగే ఉంటే, దానివైపు చూస్తోంది. “చూస్తావా?” అన్నాను. లేచి వెళ్ళి కన్ను ఆనించింది. తండ్రి నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు ఆయన మాటలు సగమే వినిపించాయి. చాలాసేపటికి ఆ అమ్మాయి తల ఎత్తి, “ఇవి కదలవా మేడం?” అంది. చివరికి కంప్యూటర్స్‌లోనే చేరింది. సెకండ్ ఫ్లోరులో వాళ్ళ క్లాసు. మొన్న వరండాలో కనిపించి నవ్వింది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. మోకాళ్ళు సహకరించవు, చూపు బాగానే ఉంది. మొన్న వినాయక చవితికి బజారు నుంచి పత్రి కట్ట తెచ్చాను. అమ్మ చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఆకులన్నీ వేరు చేస్తోంది. మాచిపత్రి ఒక పక్కన, మారేడు ఒక పక్కన, గరిక ఒక పక్కన. నేను పూజ పుస్తకం వెతుకుతున్నాను. ఒక కాడను మాత్రం పళ్ళెంలో పెట్టకుండా పక్కకు తీసి, దాని ముళ్ళ గింజలు చీరకు అంటుకోకుండా జాగ్రత్తగా పట్టుకుని, నాకు అందించింది.

“ఇందా, నీ ఉత్తరేణి” అంది.